చెవిలో చెప్పిన స్టాపు

పెద్దాసుపత్రిలో చీటీలు రాసే కిటికీ వెనక ఒక అమ్మాయి కూర్చుంటుంది. పేరు, వయసు, బాధ ఏమిటి అని అడిగి రాసుకుంటుంది. వరస తప్పి తోసుకొచ్చేవాళ్ళని ఒక్క చూపుతో వెనక్కి పంపుతుంది. చదువురాని ముసలివాళ్ళొస్తే మాత్రం లేచి, తల బయటికి పెట్టి, "ఎడమ పక్క మూడో తలుపు, ముందు నీళ్ళ కుళాయి ఉంటుంది, అదే గుర్తు" అని వేలితో చూపించి మరీ చెప్తుంది. మొన్న మోకాళ్ళ నొప్పులని వెళ్తే నాకూ అలాగే చెప్పింది. "నాకు తెలుసులేవే, నువ్వు పుట్టకముందు నించీ ఈ ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నా" అని కసిరాను. నవ్వి చీటీ ఇచ్చింది. కుడి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ గాజు కింద ఇంకా అలాగే ఉంది.

ఆ మచ్చ కనిపించినప్పుడల్లా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే మొదటి నించీ చెప్పాలి.

ఇంట్లో దాన్ని ఆరిందా అంటారు. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది, మా ఆఫీసు ఫైల్లో ఉంది, నోటితో మాత్రం ఎవరూ పిలవరు. ఐదారేళ్ళ పిల్లప్పుడే వాళ్ళమ్మతో, "బొగ్గులు తడిశాయని నిన్ననే చెప్పానా, ఎండలో పోయమన్నానా" అని నడుం మీద చెయ్యేసుకుని దబాయించేదట. తల్లి ఇస్త్రీ చేస్తుంది. తండ్రి రోడ్లు వేసే పనికి ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. ఆరిందా తరవాత ఏడాదిన్నరకి ఇంకొకతె పుట్టింది. దాన్ని చిట్టెలుక అంటారు. ఒక్కచోట నిలవదు, నోరు మూయదు, చేతికందింది కొరుకుతుంది.

నేను పాతికేళ్ళు ఒక సేవాసంస్థలో ఉత్తరాలు మార్చే ఉద్యోగం చేశాను. పరాయి దేశాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడి పిల్లల్ని తలా ఒకరిని ఎంచుకుని చదివిస్తారు. పిల్ల రాసిన ఉత్తరాన్ని వాళ్ళ భాషలోకి, వాళ్ళు రాసినదాన్ని మన భాషలోకి మార్చడం నా పని. దానికి మూడు నియమాలు. పిల్లలు వస్తువులు అడిగితే కొట్టేయాలి. ఇంట్లో కష్టం, జబ్బు, దెబ్బ రాస్తే కొట్టేయాలి, చదివినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందట. మన సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. ఇందుకని నాకొక ఎర్రకలం ఇచ్చారు. ఆ కలంతో ఎంతమంది జ్వరాల్ని, ఎంతమంది ఆకలిని గీత పెట్టి నయం చేశానో నాకే తెలియదు. చేసేటప్పుడు ఏమీ అనిపించేది కాదు. ఉద్యోగం కదా.

ఉత్తరాల్లో నూటికి తొంభై ఒకే మూస. నేను బాగున్నాను, మీరు బాగున్నారా, మా బడి బాగుంది. కళ్ళు మూసుకుని మార్చేయొచ్చు. ఆరిందావి అలాంటివి కావు.

దాన్ని చదివించే ఆవిడ ఎక్కడో ఒక చలిదేశంలో సిటీ బస్సు నడుపుతుంది. మా ఆఫీసులో ఆవిడకి బస్సమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఒంటరి మనిషి. ఆరిందా మొదటి ఉత్తరంలో, "మీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుంది?" అని అడిగింది. బస్సమ్మ ఒక్క స్టాపు గురించే రాసింది. గడియారం స్టాపు. గడియారం పదకొండేళ్ళుగా ఆగిపోయి ఉంది, అయినా అందరూ దాన్ని చూసే చేతి వాచీ సరిచూసుకుంటారు అని. దానికి జవాబుగా ఆరిందా తను ఇస్త్రీ బట్టలు పట్టుకెళ్ళే ఇళ్ళలో మొదటి ఇంటి గురించి రాసింది. ఆ ఇంట్లో తలుపు తట్టక్కర్లేదు, బొగ్గు వాసనకే మనుషులు బయటికొస్తారు అని.

అలా మొదలైంది. ఉత్తరానికి ఒక స్టాపు, జవాబుకి ఒక ఇల్లు. రొట్టెల కొట్టు స్టాపు. కుక్క ఎక్కే స్టాపు, అక్కడ ఒక కుక్క ఒక్కటే ఎక్కి రెండు స్టాపుల తరవాత బుద్ధిగా దిగిపోతుంది. ఆసుపత్రి గోడ స్టాపు. ఖాళీ పిట్టల పంజరం పట్టుకుని ప్రతి మంగళవారం ఎక్కే తాతగారి స్టాపు. ఇటు నించి కాలరు గట్టిగా లేకపోతే చొక్కా విసిరికొట్టే ఆయన ఇల్లు, చనిపోయిన మొగుడి చొక్కాలు నెలకోసారి ఇస్త్రీకి వేసే ముసలమ్మ ఇల్లు. ఇళ్ళు పదకొండే, అవి అయిపోయాక ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి గురించి రాసింది. ఎనిమిదేళ్ళు నడిచింది ఆ వ్యవహారం. ఆ రెండు కవర్లు ఎప్పుడొస్తాయా అని నేనూ ఎదురుచూసేదాన్ని, ఒప్పుకోవడానికి సిగ్గేముంది. అసలు ఉత్తరం, నా మార్పు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆ పిల్ల బస్సమ్మ భాష కూడా పట్టేసింది. చివరి రెండేళ్ళూ సగం ఉత్తరం ఆ భాషలోనే రాసేది. తప్పులుండేవి. నేను దిద్దేదాన్ని కాదు.

ముప్ఫై నాలుగు స్టాపుల్లో ముప్ఫై మూడు అయ్యాక బస్సమ్మ ఇలా రాసింది: "ఆఖరి స్టాపు ఉత్తరంలో రాయను. సెలవు పెట్టి, వీపున సంచీ వేసుకుని దేశాలు తిరగబోతున్నాను. మీ ఊరొచ్చి నా నోటితో చెప్తాను."

ఎవరైనా చూడ్డానికొస్తే ముందుగా ఆ ఇంటికెళ్ళి అన్నీ సరిచూసుకోవడం ఆఫీసు పద్ధతి. దుబాసీగా నేనే ఉండాలి కాబట్టి నన్నే పంపారు. నిజం చెప్పాలంటే పంపకపోయినా వెళ్ళేదాన్ని. ఎనిమిదేళ్ళు దాని రాత చదివాను గానీ పిల్లని ఒక్కసారీ చూడలేదు. ఉత్తరాలు బడి నించి కట్టలుగా వచ్చేవి. ఫోటోలు తీసే మనిషి వేరు, ఆ ఫైలు వేరు. బయల్దేరే ముందు ఆ ఏడాది ఫోటో తీసి చూసుకున్నాను. గుండ్రటి మొహం, ముందుపళ్ళ మధ్య సందు.

ఒకటే గది, ముందు రేకుల పంచ. పంచలో ఇస్త్రీ బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి. తాడు మీద హ్యాంగర్లకి చొక్కాలు. గుమ్మంలో పళ్ళ సందుతో ఫోటోలో పిల్ల నిలబడి ఉంది. ఆగలేకపోయాను. దగ్గరికి లాక్కుని, "ఏమే, కుక్క ఎక్కే స్టాపు తరవాత ఏమిటి, చెప్పు చూద్దాం" అన్నాను.

ఆ పిల్ల తెల్లమొహం వేసింది. "ఏ కుక్కండీ?" అంది.

ఇస్త్రీ బల్ల వెనక నించి ఒక గొంతు, "ఆసుపత్రి గోడ స్టాపండీ. అది కాదండీ, నేను" అంది.

చూద్దును కదా, కోలమొహంతో సన్నగా పొడుగ్గా ఇంకొక పిల్ల. చేతిలో ఇస్త్రీపెట్టె. ఫోటో చూశాను, దీన్ని చూశాను, దాన్ని చూశాను. లోపల్నించి తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలో ఫోటో చూసి, అక్కడే కూలబడింది.

"ఏం చేశావమ్మా నువ్వు?" అన్నాను.

"కావాలని చెయ్యలేదు మేడం. మొదటి ఏడాది ఫోటోలాయన వచ్చిన రోజున పెద్దదానికి మొహం నిండా పొక్కులు. ఆ రోజు ఫోటో లేకపోతే కాగితాలు తిప్పి పంపేస్తామన్నారు. పెద్దదాని గౌను చిన్నదానికి తొడిగి, వెనక పిన్నీసు పెట్టి నిలబెట్టాను. చిన్నపిల్లలు కదా, ఒక్క ఏడాదికే కదా అనుకున్నా."

"మరి రెండో ఏడాది?"

"రెండో ఏడాది దీనికే తలదువ్వి తీసుకెళ్ళా మేడం. ఆయన పాత ఫోటో దీని మొహం పక్కన పెట్టి చూసి, ఇది ఆ పిల్ల కాదే అన్నాడు. ఉండండి బాబూ, ఆ పిల్లని తెస్తా అని ఇంటికి పరిగెత్తి చిన్నదాన్ని తెచ్చా. ఇంక ఆ తరవాత ఎలా మారుస్తాం?"

అదీ సంగతి. పేరు పెద్దదానిది, చదువు పెద్దదానిది, ఉత్తరాలు పెద్దదానివి. మొహం చిన్నదానిది. ఏటా ఫోటో రోజున కొత్త గౌను చిట్టెలుకకి, కొత్త పుస్తకం ఆరిందాకి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు ఆ తల్లిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ అంతా విని, "మీరే నా చోట ఉంటే ఏం చేసేవారు మేడం?" అంది. అడిగింది గొడవకి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం. మంచి మనిషి, అర్థం చేసుకుంటుంది" అన్నాను చివరికి.

"ఆవిడ చేసుకుంటుంది. మీ ఆఫీసు చేసుకుంటుందా?" అంది తల్లి.

చేసుకోదు. మొహం ఒకరిది, పేరు ఒకరిది అని తేలితే మోసం అని రాసి పిల్లని జాబితాలోంచి తీసేస్తారు. ఇలాంటివి రెండు చూశాను. ఆరిందా పదో తరగతి పరీక్షలు నాలుగు నెలల్లో ఉన్నాయి. పెద్దదాన్నే చూపిద్దామంటే, బస్సమ్మ సంచీలో ఎనిమిదేళ్ళ ఫోటోలున్నాయి.

"చెల్లినే చూపించండి," అంది ఆరిందా. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా ముందు నిలబడింది. "నేను అక్కనని చెప్పండి. ఆవిణ్ణి చూస్తే చాలు నాకు. ఒక్కటి మాత్రం అడుగుతానండీ. ఆఖరి స్టాపు చెప్పేటప్పుడు నన్ను బయటికి పంపకండి. ఈ బల్ల దగ్గరే ఉంటా. వింటా, అంతే."

చిట్టెలుక మూతి ముడుచుకుంది. "నేనేం దొంగని కాదు. ఫోటోలన్నీ నావే కదా. నన్ను చూసే కదా డబ్బులిచ్చింది" అంది. వాళ్ళమ్మ దాని నెత్తిన ఒక్కటి మొట్టింది. అది అన్నదాంట్లో మాత్రం తప్పేముంది? ఎనిమిదేళ్ళు నవ్వమన్నప్పుడల్లా నవ్విన పిల్ల అది.

"నీకు వినపడేలా చెప్పించే పూచీ నాది" అని ఆరిందాకి మాటిచ్చాను. మాటంటే నాకు లెక్కే. అందుకే ఇంత బాధ.

మూడో రోజు పొద్దున బస్సమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. ముక్కు ఎండకి కమిలి తోలు ఊడుతోంది. వీపున సంచీ తల కన్నా ఎత్తుగా ఉంది, పంచలోకి రావడానికి మోకాళ్ళ మీద వంగాల్సి వచ్చింది. "ఇల్లంతా నెత్తినేసుకుని తిరుగుతోందేంటి మేడం, పాపం ఎవరూ లేరా?" అని తల్లి నా చెవిలో గొణిగింది. ఎవరూ లేరనే ఆవిడ కూడా అంది. ముక్కాలిపీట మీద కూర్చుని, చిట్టెలుక రెండు చేతులూ పట్టుకుని, "ఐదు నెలలుగా తిరుగుతున్నాను. ఇన్ని దేశాల్లో నాకు తెలిసిన మనిషి ఉన్న ఊరు ఇదొక్కటే" అని ఏడ్చేసింది. నేను మన భాషలోకి మార్చి చెప్పాను. చెప్పేటప్పుడు నా కళ్ళు ఇస్త్రీ బల్ల వైపు పోకుండా చూసుకున్నాను.

ఫోటోలు తీసి వరసగా పీట పక్కన పరిచింది. తరవాత నవ్వుతూ వేళ్ళు మడుస్తూ స్టాపులు మొదలుపెట్టింది. గడియారం, రొట్టెల కొట్టు, కుక్క... ఆగి, చిట్టెలుక మొహంలోకి చూసింది. ఇక నువ్వు చెప్పు అన్నట్టు.

"ఏదో ఒకటి మాట్లాడవే" అన్నాను నేను, నవ్వు మొహంతోనే.

"ఏం మాట్లాడను? నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి" అంది చిట్టెలుక, అదీ నవ్వుతూనే.

"ఆసుపత్రి గోడ, ఆ తరవాత పంజరం తాతగారు అంటోంది," అని బస్సమ్మకి మార్చి చెప్పాను. "మీ ముందు మీ భాష మాట్లాడ్డానికి సిగ్గు పడుతోంది."

పాతికేళ్ళ ఉద్యోగంలో సొంత మాట కలపడం అదే మొదటిసారి. ఒకసారి మొదలెట్టాక ఆగుతుందా? చిట్టెలుక వీధిలో పిల్లి గురించి చెప్తే నేను పంజరం తాతగారి గురించి చెప్పాను. అది పళ్ళ సందులోంచి ఈల వేయడం ఎలాగో చెప్తే నేను, చలికాలంలో పిల్లలు బస్సులో మరిచిపోతే మీరు కడ్డీకి తగిలించే చేతితొడుగులు ఈసారి ఎన్ని దొరికాయని అడుగుతోంది అన్నాను. అవన్నీ ఆరిందా మాటలే. దాని ఉత్తరాల్లోంచి తీసి దాని చెల్లెలి నోట్లో పెట్టి, దాని ఎదురుగానే దాని నేస్తానికి వడ్డించాను. నేను ఆ భాషలో ఏం చెప్తున్నానో దానికి ప్రతి ముక్కా అర్థమవుతోంది. తల ఎత్తలేదు. ఉన్నట్టుండి మాడు వాసన వచ్చింది. తెల్లచొక్కా చెయ్యి మీద గోధుమరంగు మరక. ఆ ఇంట్లో దాని చేతిలో బట్ట మాడడం అదే మొదలట. తల్లి చొక్కా తీసి మడిచి, మాడింది లోపలికి పోయేలా పక్కన పెట్టింది.

తరవాత బస్సమ్మ ఇళ్ళు చూస్తానంది. పదకొండు ఇళ్ళూ వరసగా, ఉత్తరాల్లో రాసినట్టే. బట్టలెలాగూ ఇవ్వాలి. మూట ఆరిందా ఎత్తుకుంది. ముందు బస్సమ్మ, చిట్టెలుక చేతిలో చెయ్యేసుకుని. వెనక నేను. నా వెనక మూటతో అసలు మనిషి. ప్రతి మలుపులోనూ చిట్టెలుక వెనక్కి చూడ్డం, ఆరిందా గడ్డంతో కుడి, ఎడమ చూపించడం. కాలరాయన తలుపు తీసి, కాలరు వేలితో నొక్కి చూసుకుని, "ఏమే ఆరిందా, నీ ఉత్తరాల దొరసాని నిజంగానే వచ్చిందే! ఇన్నాళ్ళూ కోతలు కోస్తున్నావనుకున్నా" అన్నాడు.

"ఏమంటున్నారు?" అంది బస్సమ్మ.

"ప్రయాణం బాగా జరిగిందా అని అడుగుతున్నారు" అన్నాను.

చనిపోయిన మొగుడి చొక్కాలు ఇస్త్రీకి వేసే ముసలమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. బస్సమ్మ ఆవిణ్ణి చూడగానే గుర్తుపట్టి, తనే వెళ్ళి పక్కన కూర్చుంది. ముసలమ్మ మాత్రం బస్సమ్మని దాటి చెయ్యి చాచి, ఆరిందా చెంప తడిమి, "నా గురించి మంచిగానే రాశావా తల్లీ?" అంది. ఆ మాట నేను మార్చలేదు. ముసలమ్మ సరిగా మాట్లాడలేదని చెప్పేశాను. తల్లిని అంతలేసి తిట్లు తిట్టినదాన్ని, ఆ ఒక్క పూటలో నేనాడినన్ని అబద్ధాలు ఆ తల్లి ఎనిమిదేళ్ళలో ఆడి ఉండదు.

తిరిగి ఇంటికొచ్చాం. మధ్యాహ్నం బండికి ఆవిడ వెళ్ళాలి. టీ తాగి లేచింది. బహుమతులు ఇవ్వకూడదని మా ఆఫీసు నియమం, ఆవిడకి ముందే చెప్పాను. "చేతిలో పెట్టేది ఏమీ తేలేదు. ఒక్క స్టాపు బాకీ, అది తెచ్చాను" అంది నవ్వుతూ.

ఆరిందా ఇస్త్రీ బల్ల దగ్గర చేతిలో పని ఆపి నిలబడింది. రెండు చేతులూ బల్ల అంచు మీద. ఆ పిల్ల మొహం అలా వెలగడం పొద్దున్నించీ అప్పుడే చూశాను.

బస్సమ్మ వంగి, చిట్టెలుక జుట్టు చెవి వెనక్కి తోసింది. నాకు అర్థమైపోయింది. "నాకు చెప్పండి, నేను మార్చి చెప్తాను. పిల్లకి మీ భాష మాట్లాడితే సరిగా అందదు" అన్నాను గబగబా.

"అందకపోవడమేమిటి? నాకు సగం ఉత్తరం నా భాషలోనే రాస్తోంది కదా" అంది. నా భుజం మీద చెయ్యి వేసి, నొచ్చుకోకుండా, "మీరు ఎనిమిదేళ్ళు మా ఉత్తరాలన్నీ చదివారు. చాలా మంచిగా మార్చారు. ఈ ఒక్కటీ మా ఇద్దరికీ వదిలేయండి" అంది.

ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. ఎదిగిన మనిషి తన నేస్తానికి ఒక్క మాట చాటుగా చెప్పుకోవాలనుకుంది, అంతే కదా. నోరు తెరిచి నిజం చెప్పేద్దామా అని గొంతుదాకా వచ్చింది. ఆరిందా నా వైపే చూస్తోంది. వద్దని తల అడ్డంగా ఊపింది.

బస్సమ్మ చిట్టెలుక చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపే చెప్పింది. ఒక్క మాట కాదు, ఒక కథంత ఉంది. మధ్యలో తనే నవ్వింది, తరవాత గొంతు బొంగురుపోయింది. చిట్టెలుక కళ్ళార్పకుండా తల ఊపుతూ నిలబడింది. నాలుగడుగుల దూరంలో ఆరిందా ముందుకి వంగి ఉంది. ఒక్క ముక్క కూడా దానిదాకా రాలేదు.

సంచీ వీపుకెత్తడానికి ఆరిందాయే సాయం పట్టింది. పట్టీ సరిచేస్తుంటే బస్సమ్మ దాని మణికట్టు చూసింది. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎప్పుడు కాలింది?" అని అడిగింది.

"మూడేళ్ళయింది" అని నేను చెప్పాను. నాకు తెలుసు. ఆ ఉత్తరం నేనే చదివాను. 'ఇస్త్రీపెట్టె జారి నా చెయ్యి కాలింది, నెల రోజులు ఎడమ చేత్తో రాశాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి' అని రాసింది. రెండు గీతలు పెట్టి కొట్టేశాను.

"మీ చెల్లెలు నాకు అన్నీ రాస్తుంది," అంది బస్సమ్మ ఆరిందాతో, మెల్లగా. "వీధిలో పిల్లికి కాలు విరిగినా రాస్తుంది. నీకు ఇంత గాయమైతే ఎందుకో రాయలేదు."

అది దానికి మార్చి చెప్పక్కర్లేదు. ఆరిందా ఆవిడ వైపు కాదు, నా వైపు చూసింది. "చిన్న దెబ్బేనండీ" అంది మన భాషలో. అది మాత్రం ఉన్నదున్నట్టు మార్చాను.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అందరం నిలబడ్డాం. తిరగ్గానే ఆరిందా చెల్లెలి రెండు భుజాలూ పట్టుకుంది.

"ఏం చెప్పిందే?"

"నాకేం తెలుసు?" అంది చిట్టెలుక.

"ఒక్క ముక్కయినా గుర్తులేదా? మొదటి మాట ఏంటి? గోడా? చెట్టా? సముద్రమా? ఎవరైనా ఎక్కుతారందా, దిగుతారందా?"

"ఆవిడ భాష నాకు రాదు కదే! చెవి దగ్గర గాలి తగిలింది, చక్కిలిగింత పెట్టింది, నవ్వొస్తే ఆపుకున్నా. తల ఊపమన్నారని ఊపా" అంటూనే దాని మొహం మారిపోయింది. ఏం పోగొట్టిందో అప్పుడు అర్థమైంది పిల్లకి. బావురుమంది. "నేను బాగానే విన్నానే అక్కా, బాగానే విన్నా, నాకు రాదంతే" అని ఒకటే ఏడుపు. ఆరిందాయే దాన్ని దగ్గరికి తీసుకుని, మొహం తుడిచి, "ఊరుకోవే, పోయిందేముంది, ఒక స్టాపే కదా, ముప్ఫై మూడు ఉన్నాయి కదా" అని ఊరడించింది. తల్లి గోడ వైపు తిరిగి బొగ్గులు ఎగదోస్తూ ఉండిపోయింది. నేను సెలవు కూడా చెప్పకుండా వచ్చేశాను.

చూడ్డానికొచ్చి వెళ్ళాక పదిరోజుల్లో పిల్ల కృతజ్ఞత ఉత్తరం రాయాలి. అదీ నియమమే. ఆ ఉత్తరం బడి కట్టలో రాలేదు. ఆరిందాయే పట్టుకుని మా ఆఫీసుకొచ్చింది. నా బల్ల ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"చూడవే," అన్నాను, "నేను ఒక్క వాక్యం కలుపుతాను. ఆ రోజు వీధిలో హారన్ల గోలలో సరిగా వినపడలేదు, ఆఖరి స్టాపు ఇంకోసారి రాయండి అని. ఆవిడ రాస్తుంది. ఎవరికీ ఏమీ కాదు."

"వద్దండీ. ఆవిడ అంత దూరం మోసుకొచ్చి చెప్పింది. చెప్పింది నాకు చేరిందనుకుని వెళ్ళింది. ఇప్పుడు వినపడలేదంటే ఆ ప్రయాణం అంతా ఎందుకు చేసినట్టు?"

"మరి నీకో?"

ఉత్తరం నా బల్ల మీద పెట్టి, "అయినా మీ ఆఫీసులో కలపడం ఉండదు కదండీ," అంది. "కొట్టేయడమే కదా."

దెప్పి అనలేదు. మణికట్టు వెనక్కి పెట్టుకుని, నేల చూస్తూ, ఉన్న మాట అంది. చెంప మీద కొట్టినా నాకు అంత తగిలేది కాదు.

పరీక్షలు రాసింది, పాసయింది. పద్దెనిమిది నిండేదాకా ఉత్తరాలు నడిచాయి, ఆ తరవాత నియమం ప్రకారం ఆగిపోయాయి. ఆఖరి స్టాపు మాట రెండు వైపులా మళ్ళీ ఎత్తలేదు. గుట్టు కదా, ఆవిడ గుట్టుగానే ఉంచుకుంది. ఇప్పుడు ఆసుపత్రి కిటికీలోంచి ఎవరికో దారి చెప్తుంటే ఈ పిల్ల ఒక్క గుర్తు కూడా వదిలిపెట్టదు. రెండుసార్లు చెప్పి, విన్నది తిరిగి చెప్పించుకుని మరీ పంపుతుంది.

ఆ రోజు అది వెళ్ళాక ఉత్తరం విప్పాను. సగం నించి బస్సమ్మ భాషలోనే ఉంది. నడిచిన పదకొండు ఇళ్ళ గురించి, సంచీ బరువు గురించి రాసింది. "మా అక్క చెయ్యి చూసి మీరు బాధపడ్డారు, దానికి నొప్పి లేదు" అని రాసింది. చివర ఇలా ఉంది: "మీరు నా చెవిలో చెప్పిన స్టాపు మీకూ నాకూ మధ్యనే ఉంటుంది. నేను ఎవరికీ చెప్పను."

ఎర్రకలం సొరుగులో పడేసి, ఒక్క అక్షరం కొట్టకుండా, ఒక్క అక్షరం కలపకుండా ఆ కాగితాన్ని కవరులో పెట్టి పంపించాను.